పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసుకోవడం ఎలా?

మా నాన్నగారి కంప్యూటర్ 2013లో కొన్నది. మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత రకం హార్డ్ డిస్క్. ఉదయం స్విచ్ వేసి, స్నానం చేసి, పేపరు చదవడం ముగించి వస్తే అప్పటికి మౌస్ బాణం మాట వినేది. మరమ్మతు చేసే అబ్బాయి మూత తీసి చూసి, "ఇక లాభం లేదండీ, కొత్తది తీసుకోండి" అనేశాడు. ఆ మాట అని మూడేళ్లయింది. అదే పెట్టె మీద నాన్నగారు ఇప్పటికీ రోజూ రెండు గంటలు తెలుగులో రాసుకుంటున్నారు. మార్చినవి రెండే: లోపలి డిస్కు, దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాము). విండోస్ బదులు లినక్స్ మింట్ వేశాను.

ఆ పని మీరూ చేసుకోవచ్చు. ఇంతవరకు కంప్యూటర్ మూత తీయనివారి కోసం, 'ఫార్మాట్' అన్న మాట వింటేనే గుండె దడదడలాడేవారి కోసం ఇది రాస్తున్నాను. లినక్స్ వేయడానికి పట్టేది అరగంటే. దానికి ముందు చేసుకోవలసిన సన్నాహానికి మాత్రం రెండు వారాలు కేటాయించండి. లినక్స్ వేసుకుని వారం తిరక్కుండానే విండోస్‌కు వెళ్లిపోయినవాళ్లు, నేను చూసినంతలో, ఆ సన్నాహం లేకుండా దిగినవాళ్లే. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు దానికే ఖర్చు పెడతాను.

ఇప్పుడే ఎందుకు, ఏది వేసుకోవాలి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు వరకు పొడిగింపు పొందే వీలు కల్పించారు గానీ, అది వాయిదా మాత్రమే. పోనీ విండోస్ 11కు మారదామంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను అడుగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతివి కావాలంటుంది. ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంతకు ముందు కొన్న కంప్యూటర్లు ఎంత చక్కగా పనిచేస్తున్నా గీతకు అవతలే ఉండిపోయాయి. అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్‌లో బ్యాంకు ఖాతా తెరవడమంటే గొళ్లెం ఊడిన తలుపు దగ్గరకు వేసి ఊరెళ్లడమే.

లినక్స్ కెర్నెల్‌ను, అంటే సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగాన్ని, 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము రాసిన మూల పాఠం, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, నలుగురికీ పంచవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదన్నది నిజమే కానీ, నాకు అంతకంటే ముఖ్యం ఈ స్వేచ్ఛ. అందుకే దీన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ అనకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటాను. మీ కంప్యూటర్‌కు వయసైపోయిందని తీర్పు చెప్పే అధికారం ఒకే ఒక సంస్థ చేతిలో లేకపోవడం దీని వల్లనే.

కెర్నెల్‌కు డెస్క్‌టాప్, బ్రౌజరు, ఆఫీసు ప్రోగ్రాములు జోడించి వాడుకకు సిద్ధం చేసిన మూటను డిస్ట్రో అంటారు. ఇవి వందల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు ఇక్కడే చిక్కుబడి నెల రోజులు వీడియోలు చూస్తూ గడిపేస్తారు. మీరు ఆ చిక్కులో పడకండి. లినక్స్ మింట్ తీసుకోండి, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. మింట్ 2006 నుంచి ఉంది. ఉబుంటు పునాది మీద కట్టినది. ఎడమవైపు కింది మూలన మెనూ, తెర అడుగున పట్టీ, కుడి చివర గడియారం. విండోస్‌కు అలవాటుపడిన చేయి తడుముకోనక్కర్లేదు. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు ఎడిషన్లు ఉన్నాయి. పాత యంత్రానికి భారం కానిది చివరిదే.

మీ యంత్రం ఓపిక ఎంత

విండోస్‌లో 'దిస్ పీసీ' బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. ర్యామ్ ఎంత ఉందో అక్కడ కనిపిస్తుంది. దాని కిందే ప్రాసెసర్ 64 బిట్‌దా కాదా అన్నదీ ఉంటుంది. విండోస్ 32 బిట్‌దైనా ప్రాసెసర్ 'ఎక్స్64' అని ఉంటే చాలు, మింట్ నడుస్తుంది. ర్యామ్ కనీసం 2 జీబీ ఉండాలి, 4 జీబీ ఉంటే హాయి. డిస్కులో 20 జీబీ కనీస అవసరం, 100 జీబీ ఉంటే మేలు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్ తేలికైనంత మాత్రాన వెబ్‌సైట్లు తేలిక కావు. యూట్యూబ్ విండోస్‌లో ఎంత ర్యామ్ తింటుందో లినక్స్‌లోనూ సుమారు అంతే తింటుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో మింట్ లేస్తుంది, ఉత్తరాలు రాసుకోవచ్చు, పాటలు వినవచ్చు. పది ట్యాబులు తెరిస్తే మాత్రం నీరసపడుతుంది. ర్యామ్ పెంచుకునే వీలుంటే పెంచుకోండి.

ర్యామ్ కంటే ముందు డబ్బు పెట్టవలసినది డిస్కు మీద. పాత కంప్యూటర్ నత్తనడకకు చాలాసార్లు అసలు కారణం తిరిగే హార్డ్ డిస్కే. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) పెడితే నిమిషాల్లో లేచే యంత్రం సెకన్లలో లేస్తుంది. 240 లేదా 256 జీబీది ఇంటి అవసరాలకు సరిపోతుంది. దీంతో రెండో లాభం కూడా ఉంది, నా లెక్కలో అదే పెద్దది. మింట్‌ను కొత్త డిస్కులో వేసుకుంటారు కాబట్టి, పాత డిస్కు విండోస్‌తో సహా, ఫొటోలతో సహా, ఉన్నది ఉన్నట్టుగా బీరువాలో ఉంటుంది. నచ్చకపోతే నాలుగు స్క్రూలు విప్పి పాతదే పెట్టుకోవచ్చు. భయం లేకుండా లినక్స్‌కు మారడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. నాన్నగారి కంప్యూటర్‌కు చేసింది ఇదే.

మూత తీసినప్పుడు దుమ్ము దులపండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. పదేళ్లు దాటిన కంప్యూటర్‌లో అది అయిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. లినక్స్ వేసిన తర్వాత ఇది బయటపడితే నింద లినక్స్ మీద పడుతుంది. ఇప్పుడే మార్చేయండి.

విండోస్ లేనిదే జరగని పని మీ ఇంట్లో ఉందా?

నిజాయతీగా వేసుకోవలసిన ప్రశ్న ఇది. మీ ఇంట్లో ఎవరైనా ట్యాలీలో లెక్కలు రాస్తుంటే, అది విండోస్ కోసం చేసిన ప్రోగ్రాము. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేస్తుంటే అదీ అంతే. డిజిటల్ సంతకం టోకెన్‌తోనో, వేలిముద్ర పరికరంతోనో రోజూ పని ఉంటే, దాని తయారీదారు లినక్స్‌కు డ్రైవరు (ఆ పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాము) ఇస్తున్నారో లేదో కనుక్కోకుండా అడుగు వేయకండి. అలాంటి కంప్యూటర్‌లో విండోస్‌ను ఉంచేయాలి, లేదా రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక పద్ధతి) తెలుగు కావు. ఆ ఫాంటు లేని చోట అక్షరాల బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. తాతగారి ఆత్మకథో, అమ్మ రాసుకున్న పాటలో అలా ఉండిపోయి ఉంటే, విండోస్ నడుస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి. దానికి ఆన్‌లైన్‌లో మార్పిడి సాధనాలున్నాయి. మార్చాక ఒకసారి అక్షరం అక్షరం చదివి సరిచూడండి, వత్తుల దగ్గర పొరపాట్లు దొర్లుతుంటాయి. ముఖ్యమైన వాటిని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి.

ప్రింటరు మరో సంగతి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి లినక్స్‌లో డ్రైవర్లు ముందే ఉంటాయి. మన ఊళ్లలో జిరాక్సు దుకాణాల్లోనూ, ఇళ్లలోనూ విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 వంటివి కాప్ట్ అనే సొంత పద్ధతిలో పనిచేస్తాయి. వాటికి డ్రైవరు విడిగా వేసుకోవాలి, దానికి కొంత ఓపిక కావాలి. మీ ప్రింటరు నమూనా సంఖ్య ఇప్పుడే రాసిపెట్టుకోండి.

మొదటి రెండు వారాలు: సిస్టమ్ అదే, ప్రోగ్రాములు వేరు

అందరూ ముందు సిస్టమ్ మార్చి, తర్వాత కొత్త ప్రోగ్రాములతో కుస్తీ పడతారు. మీరు దీన్ని తిరగేయండి. విండోస్‌లోనే ఉంటూ ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్, బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్, పాటలకూ సినిమాలకూ వీఎల్‌సీ దింపుకోండి. ఈ మూడూ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా ఉంటాయి. రెండు వారాల పాటు ఉత్తరాలు, ఇంటి లెక్కలు, బ్యాంకు పనులు, సినిమాలు అన్నీ వీటిలోనే చేయండి. వర్డ్‌లో రాసిన పాత ఫైళ్లను లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూడండి. చాలావరకు బాగానే తెరుచుకుంటాయి. పట్టికలు ఎక్కువున్నవి, అలంకారాలు ఎక్కువున్నవి కాస్త చెదరవచ్చు. ఆ చెదరడం మీకు అడ్డో కాదో ఇప్పుడే తెలిసిపోతుంది.

ఈ రెండు వారాలు గడిచాక సిస్టమ్ మారిస్తే, లేవగానే కనిపించేవి మీకు తెలిసిన బొమ్మలే. మా నాన్నగారికి మార్పు రోజున నేను కొత్తగా చూపించవలసి వచ్చినవి రెండే రెండు: మెనూ ఎక్కడుంది, ఆపడం ఎలా.

'డి డ్రైవ్‌లో ఉంటే భద్రమే కదా?'

కాదు. ఇక్కడ కాసేపు ఆగాలి.

మా పిన్ని ఇంట్లో కంప్యూటర్‌కు మింట్ వేయడానికి కూర్చున్నాను. "పిన్నీ, ఫొటోలన్నీ వేరేచోట పెట్టావా?" అని అడిగాను. "ఆ, అన్నీ డి డ్రైవ్‌లో పెట్టేశాను నాయనా, ఇక చేసెయ్" అంది. ఆ డి డ్రైవ్ ఏమిటో చూద్దామని విండోస్ మళ్లీ తెరిచాను. పెళ్లి ఫొటోలు, చనిపోయిన మా బాబాయి గొంతు ఉన్న రికార్డింగులు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

పిన్ని తప్పేమీ లేదు. మన దగ్గర విండోస్ మళ్లీ వేసేవాళ్లు సి డ్రైవ్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి, డి డ్రైవ్‌ను ముట్టుకోకుండా వదిలేస్తారు. అలా పదేళ్లుగా చూసి చూసి, డి అంటే భద్రమైన చోటన్న నమ్మకం ఇంటింటా పాతుకుపోయింది. కానీ సి, డి, ఇ అన్నవి ఒకే డిస్కు మీద గీసిన గీతలు. ఒకే పొలంలో వేసిన గట్లు. మింట్ వేసేటప్పుడు 'డిస్కు మొత్తం చెరిపెయ్' అని చెబితే గట్లతో సహా దున్నేస్తుంది.

కాబట్టి కాపీ అంటే ఈ పెట్టెకు బయట ఉన్న కాపీ. బయటి హార్డ్ డిస్క్ తెచ్చి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లనూ, డి, ఇ డ్రైవ్‌లలో ఉన్నదంతా దానిలోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద పెళ్లి వీడియో ఎక్కనంటే, అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందని అర్థం. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, అయితే ఆ పెన్‌డ్రైవ్‌లో అప్పటికే ఉన్నవి పోతాయని గుర్తుంచుకోండి. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు ఫైర్‌ఫాక్స్ ఖాతాలోకి చేర్చుకోండి. కాపీ అయ్యాక పెట్టెను మూసేయకండి. మరో కంప్యూటర్‌లో ఆ డిస్కును పెట్టి, ఒక పాత ఫొటో, ఒక వీడియో, ఒక ఉత్తరం తెరిచి చూడండి. తెరుచుకున్నదే కాపీ.

ల్యాప్‌టాప్ అయితే దాని డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకపోతే బీరువాలో దాచిన పాత డిస్కును తర్వాత చదవలేరు.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేయండి. లినక్స్‌మింట్ డాట్ కామ్‌కు వెళ్లి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఐఎస్‌ఓ ఫైలు (మింట్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా కట్టిన మూట) దింపుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది. మరో చోట దొరికిందని, స్నేహితుడు పంపాడని వేరే ఫైలు వాడకండి.

దింపాక ఒక పరీక్ష ఉంది, దీన్ని దాటేయవద్దు. డౌన్‌లోడ్ పేజీలో ఆ ఫైలుకు షా256 అనే పొడుగాటి సంఖ్య ఇస్తారు. మీ దగ్గరకు వచ్చిన ఫైలుకూ అదే సంఖ్య రావాలి. 2016 ఫిబ్రవరిలో కొందరు దొంగలు మింట్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, అసలు ఫైలు బదులు దొంగ ఫైలుకు దారి మళ్లించారు. వచ్చిన ఫైలు అసలుదేనా అని చూసుకోవడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా ఈ పరీక్ష మానలేదు.

విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాము దింపుకుని తెరిచి, పెన్‌డ్రైవ్‌నూ ఐఎస్‌ఓ ఫైలునూ ఎంచుకోండి. ఫైలు పేరు పక్కనే టిక్కు గుర్తున్న బటన్ నొక్కితే ఆ సంఖ్యలు లెక్కగట్టి చూపిస్తుంది. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది అక్షరాలు సరిపోలితే చాలదు, మొత్తం పోల్చండి. సరిపోయాక మిగతావన్నీ అది చూపినట్టే ఉంచి 'స్టార్ట్' నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పోతాయని హెచ్చరిస్తుంది. బయటి హార్డ్ డిస్క్ అప్పటికి తీసేసి ఉండాలి. పొరపాటున దాన్ని ఎంచుకుంటే మీ కాపీలన్నీ పోయినట్టే.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

కంప్యూటర్ ఆపండి. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకునేవాళ్లు డిస్కు మార్చవలసింది ఇప్పుడే. పెన్‌డ్రైవ్ పెట్టి, స్విచ్ వేసిన వెంటనే బూట్ మెనూ (దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) మీటను వరుసగా తడుతూ ఉండండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో చాలావాటికి ఎఫ్12. హెచ్‌పీకి ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్, ఆసుస్ బోర్డున్న డెస్క్‌టాప్‌కు ఎఫ్8. అసెంబుల్ చేయించిన పెట్టెల్లో గిగాబైట్ బోర్డు అయితే ఎఫ్12, ఎంఎస్‌ఐ అయితే ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే, ఎఫ్2తో బయోస్‌లోకి (కంప్యూటర్ లోపలి సెట్టింగుల తెరలోకి) వెళ్లి బూట్ మెనూను ముందు ఆన్ చేయాలి.

పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోగానే మింట్ మెనూ వస్తుంది. మొదటి వరుస నొక్కండి. తెర నల్లగా ఉండిపోతే కంగారుపడకండి. పాత ఎన్‌విడియా కార్డులతో అలా జరుగుతుంటుంది. మళ్లీ మొదలుపెట్టి అదే మెనూలో 'కంపాటిబిలిటీ మోడ్' ఎంచుకోండి.

వేసే ముందు వాడి చూడండి

ఇప్పుడు తెర మీద ఉన్నది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తున్న మింట్. మీరు 'ఇన్‌స్టాల్' బొమ్మ నొక్కనంతవరకు మీ డిస్కులోకి ఏదీ ఎక్కదు. దీన్ని లైవ్ సెషన్ అంటారు. బట్టల దుకాణంలో తొడిగి చూసుకున్నట్టు, ఒక సాయంత్రం మొత్తం వాడి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

వైఫై అందుతోందా? పాటకు శబ్దం వస్తోందా? కెమెరా పనిచేస్తోందా? ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా? వెలుతురు తగ్గించే మీటలు మాట వింటున్నాయా? ప్రింటరు తగిలించి ఒక కాగితం తీయండి. మీ బ్యాంకు వెబ్‌సైట్ తెరవండి. వైఫై కనిపించకపోతే, కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు డ్రైవరు విడిగా కావాలి. మీ ఫోనును యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ (ఫోను నెట్‌ను కంప్యూటర్‌కు అందించే సదుపాయం) ఆన్ చేస్తే నెట్ వస్తుంది. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది చూపే డ్రైవరు వేసుకోవచ్చు.

ఈ లైవ్ సెషన్‌కు ఇంకో ప్రయోజనం ఉంది. విండోస్ పూర్తిగా లేవకుండా పోయిన కంప్యూటర్‌లో కూడా, డిస్కు బాగుంటే, ఇక్కడి నుంచి పాత ఫైళ్లు తెరిచి బయటి డిస్కులోకి తీసుకోవచ్చు. చుట్టుపక్కల ఇళ్లలో ఈ పెన్‌డ్రైవ్‌తో పిల్లల చదువు ఫైళ్లు ఎన్నోసార్లు బయటకు తీశాను.

అసలు పని

కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే మంచిది, ల్యాప్‌టాప్‌కు ఛార్జరు తగిలించి ఉంచండి. నెట్ కూడా ఉంటే మేలు.

'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' బొమ్మ నొక్కండి. ముందు భాష అడుగుతుంది. తెలుగు కూడా జాబితాలో ఉంది. అనువాదం స్వచ్ఛందంగా చేసినది కాబట్టి కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. కీబోర్డు మాత్రం ఇంగ్లీషు యూఎస్‌గానే ఉంచండి, పాస్‌వర్డు టైపు చేయడానికి అదే అవసరం. తెలుగు కీబోర్డు తర్వాత చేర్చుకుందాం. మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు నడవడానికి కావలసినవి) కావాలా అంటే టిక్కు పెట్టండి. అప్పుడు సెక్యూర్ బూట్ (లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాములనే నడవనిచ్చే భద్రతా ఏర్పాటు) కోసం ఒక పాస్‌వర్డు అడిగితే ఒకటి ఇచ్చి రాసుకోండి. తర్వాత కంప్యూటర్ లేచేటప్పుడు నీలిరంగు తెర వచ్చి దాన్నే ఒకసారి అడుగుతుంది.

తర్వాతి తెర దగ్గర చేయి కీబోర్డు మీద నుంచి తీసి, ఒకటికి రెండుసార్లు చదవండి. డిస్కు మొత్తం చెరిపి మింట్ వేయమంటారా, విండోస్ పక్కన వేయమంటారా అని అడుగుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినవాళ్లు, కాపీలు సరిచూసుకున్నవాళ్లు మొదటిది ఎంచుకోండి. ఏ డిస్కో దాని పరిమాణం చూసి పోల్చుకోండి.

పక్కన వేసుకోవాలనుకునేవాళ్లు ముందే విండోస్‌లోకి వెళ్లి 'ఫాస్ట్ స్టార్టప్' ఆపేసి, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి రావాలి. లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండి డిస్కును పట్టుకునే ఉంటుంది. రెండు సిస్టమ్‌లూ ఉన్నప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపడం కూడా మామూలే. యంత్రం లోపలి గడియారాన్ని విండోస్ మన సమయంగా చదువుతుంది, లినక్స్ గ్రీనిచ్ సమయంగా చదువుతుంది. రెండింటిలోనూ నెట్ నుంచి సమయం సరిచేసుకునే సదుపాయం ఆన్ చేసి ఉంచండి.

మిగతాది తేలిక. టైమ్ జోన్ కోల్‌కతా. మీ పేరు, పాస్‌వర్డు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే వాడే డెస్క్‌టాప్ అయితే, పాస్‌వర్డు అడక్కుండా లోపలికి వెళ్లే వీలు ఎంచుకోవచ్చు. అయినా పాస్‌వర్డును ఇంటి డైరీలో రాయండి, కొత్త ప్రోగ్రాము వేసిన ప్రతిసారీ అవసరమవుతుంది. పని పూర్తయ్యాక మళ్లీ మొదలుపెట్టమంటుంది. పెన్‌డ్రైవ్ తీసేయమన్నప్పుడు తీసి ఎంటర్ నొక్కండి.

మొదటిసారి లేచాక స్వాగత తెరలో చెప్పినవి వరుసగా చేయండి. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. ఏదైనా అప్‌డేట్ వికటిస్తే సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తీసుకెళ్లేది అదే. అది మీ ఫొటోలకు కాపీ తీయదు, వాటి కోసం బయటి డిస్కు కొనసాగాల్సిందే. తర్వాత అప్‌డేట్లు, డ్రైవర్లు, చివరగా ఫైర్‌వాల్.

తెలుగు అక్షరాలు, తెలుగు టైపింగు

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'తెలుగు' అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఫాంట్ల ప్యాకేజీలు కనిపిస్తాయి. పోతన 2000, వేమన 2000 వాటిలో దొరుకుతాయి. తెలుగువిజయం పేరున్న ప్యాకేజీ కూడా వేసుకోండి. సిలికానాంధ్ర చొరవతో స్వేచ్ఛా లైసెన్సులో విడుదలైన ఫాంట్లు అందులో ఉన్నాయి. ఆహ్వానపత్రికలు, కరపత్రాలు చేసుకోవడానికి ఎంతో బాగుంటాయి.

టైపింగుకు రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వచ్చినవారు సెట్టింగులలో కీబోర్డు తెరిచి, లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని కొట్టి తెలుగు రావాలనుకునేవారు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్ అనే టైపింగు సాధనం, దాని ఎం17ఎన్ భాగం వేసుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి. ఐబస్ ప్రాధాన్యాల్లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, పోతన, ఇన్‌స్క్రిప్ట్ అని టైపింగు పద్ధతులు కనిపిస్తాయి. డీటీపీలో ఆపిల్ కీబోర్డు నేర్చిన వేళ్లకు ఇక్కడ కొత్తగా నేర్చుకునే పని తక్కువ. నా సలహా అడిగితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. రోజుకు ఇరవై నిమిషాలు సాధన చేయండి. నాన్నగారు తన అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నారు.

మొదటి నెల

విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ఫైళ్లు ఇక్కడ మామూలుగా నడవవు. ఏ ప్రోగ్రాము కావాలన్నా ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి. వెబ్‌సైట్లలో తిరిగి దింపుకునే అలవాటు మానేయడమే ఇక్కడ సగం భద్రత. వాట్సాప్ బ్రౌజరులోనే వాడుకోవచ్చు. ఫోనును వైరుతో తగిలిస్తే ఫొటోలు కనిపిస్తాయి. సి, డి డ్రైవ్‌లు వెతకకండి, మీవన్నీ 'హోమ్' ఫోల్డరులో ఉంటాయి. ఫైళ్ల పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇంట్లో వేరొకరి కోసం వేసినట్టయితే, మొదటి వారం రోజూ పది నిమిషాలు వాళ్ల పక్కన కూర్చోండి. మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. వాళ్లు ఎక్కడ ఆగారో ఒక కాగితం మీద రాసుకోండి, ఆ చోటికి డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ పెట్టండి. హైదరాబాద్‌లోనో చుట్టుపక్కలో ఉన్నవారికి, ఎక్కడైనా చిక్కుపడితే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు సాయం చేస్తారు. తెలుగులోనే అడగవచ్చు.

అంతా కుదిరాక ఆ మింట్ పెన్‌డ్రైవ్‌ను చెరిపి పాటలు ఎక్కించుకోకండి. దాని మీద తేదీ, వెర్షను రాసి చిన్న కాగితం అతికించండి. కంప్యూటర్ ఉన్న బల్ల సొరుగులోనే, పాస్‌వర్డు రాసిన డైరీ పక్కన పెట్టండి. ఎప్పుడైనా సిస్టమ్ లేవనని మొరాయిస్తే మీకు మొదట కావలసింది అదే.